ఉతికిన చొక్కా

తెలంగాణ ఉద్యమం రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో నేనెక్కిన ఎల్బీనగర్ బస్సు రాస్తారోకోలో ఇరుక్కుపోయింది. పక్క సీట్లోని ముసలామె సంచిలోంచి మడతపెట్టిన చొక్కా తీసింది.

"నా కొడుకుది బిడ్డా. భూమి కాడ లొల్లయితే సేటు తుపాకీతోటి కాల్చి సంపిండు. నెత్తురు సూడలేక ఉతికిన, తూటా బొక్క కుట్టిన. గిప్పుడు కోర్టుల సాక్ష్యం కావాల్నంటున్రు."

"మరి ఆ సేటు?"

"బెయిలొచ్చింది. లైసెన్సు తుపాకని అది గూడ వాపస్ ఇచ్చిండ్రు. నాకు కండ్లు ఆనుతలేవు, జర గీ కుట్లు ఇప్పు."

హంతకుడికి తుపాకీ తిరిగిచ్చిన న్యాయానికి, తల్లి మాత్రం బొక్క చూపించాలట!

గోటితో ఒక్కో కుట్టూ తెంపాను. నా చూపుడువేలు అవతలికి దూరింది.

"గింత సాలుతదా?" అని అడిగిందామె.

నెత్తురు మరక లేని చొక్కా కోర్టులో నిలవదని తెలిసీ, చాలుతుందన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా నోరు నాకే కంపు కొడుతుంది.