సర్వపిండి అంచు

ఏ కల్లుకు ఏ తిండి జోడో నన్ను కన్న మా అవ్వకు తెలిసినంతగా మా ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. చలికాలపు పోతుతాటి కల్లు తియ్యగా ఉంటుంది కాబట్టి దానికి ఎండుమిరపకాయలు తుంచి వేసిన అనుముల గుడాలు, అంటే గుగ్గిళ్లు. ఎండాకాలపు కల్లు ఘాటెక్కుతుంది, దానికి కారం తగ్గించి మెత్తగా ఉడికించిన అలసందలు, అంటే బొబ్బెర గుడాలు. ఈత కల్లు సన్నటిది, కడుపులో నిలవదు, దానికి సర్వపిండి. పులిసిన కల్లు దరిదాపుల్లోకి పచ్చిపులుసును రానిచ్చేది కాదు. పులుపూ పులుపూ వియ్యమందితే కడుపులో పంచాయితీ పెట్టాలి అనేది. ఇంత తెలిసిన మనిషి ఒక్క చుక్క నోట్లో పోసుకోగా నేను చూడలేదు. ఈ జోళ్లన్నీ కుదిర్చింది తన పెనిమిటి కోసం, మా బాపు కోసం. బాపు ఇంట్లో లేడు.

మా ఊరు ధర్మపురికి ఎగువన, గోదావరి ఒడ్డున. యేటా చలికాలం బాపు బండి కట్టుకొని, నది దాటి భైంసా పోయేవాడు, పత్తి బోరాలు తోలడానికి. శివరాత్రికి తిరిగి వచ్చేవాడు. పోలీసు యాక్షన్ అయిన తర్వాతి చలికాలం కూడా అలాగే పోయాడు. అప్పుడు నాకు ఏడేళ్లు. శివరాత్రికి ఊరి బండ్లన్నీ వచ్చాయి. మా బండీ వచ్చింది, మా ఎడ్లూ వచ్చాయి. తోలుకొచ్చింది మాత్రం పక్కింటాయన. నాందేడు దిక్కు ఎడ్ల అంగడి ఉన్నదని, చూసి నాలుగు దినాల్లో వస్తానని చెప్పి బాపు అటు నడిచాడట. ఆ నాలుగు దినాలు ఇప్పటికీ అయిపోలేదు. ఊరి మనుషులు రెండుసార్లు వెతకబోయి, దుమ్ము కాళ్లతో తిరిగొచ్చారు. ఉన్నాడని చెప్పినవాళ్లు లేరు, లేడని చెప్పినవాళ్లూ లేరు.

బాపుకు కల్లు గీసే ఊరి గౌడు దగ్గర వాడిక ఉండేది, రోజూ సాయంత్రం ఒక లొట్టి, అంటే చిన్న కల్లుకుండ. బాపు ఊళ్లో లేని నెలల్లో తెచ్చేవాడు కాదు. ఆ శివరాత్రికి బండ్లు వచ్చాయని విని, ఎప్పటిలాగే ఒక లొట్టి తెచ్చి మా దర్వాజ పక్క గుంజకు తగిలించి పోయాడు. మనిషి రాలేదని ఆయనకు తెలిసేసరికి అవ్వ గుడాలు పొయ్యి మీద పెట్టేసింది. మర్నాడు వద్దని అవ్వ అనలేదు, తేనా అని ఆయన అడగలేదు. అట్లా ఆరేళ్లు.

ఆ లొట్టి మా ఇంట్లో ఒక మనిషిలా ఉండేది. మూతికి కట్టిన బట్ట కింద కల్లు పొంగుతూ బుసబుసమని సన్నగా చప్పుడు చేసేది. దీపం తగ్గించాక వింటే ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టే ఉండేది. గాలికి లొట్టి కదిలి గుంజను తాకితే అవ్వ తల తిప్పి చూసేది. దాని కింద పీట మీద, మూత పెట్టిన గిన్నెలో, ఆ రోజు కల్లుకు జోడైన తిండి.

తెల్లవారాక పులిసిన కల్లును ఏం చేయాలన్నది అసలు చిక్కు. మా దిక్కు కల్లు నేల మీద పోస్తే అది సాక. సాక దేవతలకు పోస్తారు, లేదా చనిపోయిన పెద్దలకు పోస్తారు. బతికున్న మనిషి కల్లు నేల తాకకూడదు. అందుకని అవ్వ దాన్ని పారబోయక, పిండిలో కలిపి నాననిచ్చి రొట్టెలు కాల్చేది. అవి దూదిలా పొంగేవి. బాపు తాగని కల్లుతో పొంగిన రొట్టెలు తిని పెరిగాను నేను. నా ఒళ్లు చూసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

అన్నిటికన్నా బాపుకు ఇష్టం సర్వపిండి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, కారం కలిపి, సర్వ అనే గుండ్రటి గిన్నె లోపల చేత్తో అద్ది, వేలితో బొక్కలు పెట్టి కాలుస్తారు. నడుమ మెత్తగా వస్తుంది, అంచు మాడి గట్టిపడుతుంది. బాపుకు నడుమతో పని లేదు. అంచు విరిచి కటుక్కున కొరికితే ఆ చప్పుడు వాకిట్లోకి వినబడేది. అందుకే అవ్వ నలుగురిలా మంట తగ్గించకుండా అంచు నల్లబడేదాకా ఉంచేది.

బాపు రాని మొదటి యేడు గడిచాక, పొద్దున చూస్తే లొట్టి సగానికి దిగి ఉండడం మొదలైంది. గుడాలు తగ్గేవి. సర్వపిండి చేసిన రోజున నడుమ పోయి, అంచు ఒక్కటే చుట్టూ మిగిలేది. గిన్నె మూత తీసేది ఎప్పుడూ అవ్వే. అంచును కాసేపు చూసి, విరిచి, నా రొట్టె మీద పెట్టేది. తనకంత ఇష్టమైన అంచును బాపు నాకోసం మిగిల్చి పోతున్నాడనుకొని, దాన్ని కొంచెం కొంచెం కొరుక్కుంటూ బడిదాకా తినేదాన్ని.

నా తొమ్మిదో యేట ఒకనాడు, బాపును చూడాలని కోడి కూసే వేళకు లేచాను. గుంజ దగ్గర ఎవరో ఒంగి కూర్చొని ఉన్నారు. బాపే అనుకొని రెండడుగులు వేశాను. తీరా చూస్తే మా ఇంట్లోనే ఉండే బాపమ్మ, బాపును కన్న తల్లి. నోట్లో ఒక్క పన్ను లేని మనిషి, సర్వపిండి నడుమను కల్లులో తడిపి చప్పరిస్తున్నది. నన్ను చూసి మూతి తుడుచుకొని, పక్కన కూర్చోబెట్టుకుంది.

“మీ అవ్వకు చెప్పకు బిడ్డా. వాడే వచ్చి తాగుతున్నడనుకోనీ. గట్ల అనుకున్నన్ని దినాలు ఉంటది. లేకుంటె మీ మామ తోల్కపోతడు. గామె పోతె నువ్వు సుత పోతవు. నాకు గీ గోడలే మిగుల్తయి.”

మా మేనమామ చొప్పదండి దిక్కు నుంచి యేటా వచ్చేవాడు. చెల్లెలికి మారు మనువు చేస్తానని, సంబంధం ఉన్నదని, మెల్లగా మొదలుపెట్టి గట్టిగా ముగించేవాడు. అవ్వ ఆయనకు కడుపునిండా పెట్టి, గుంజకు వేలాడే లొట్టిని చూపించి, ఇంటాయన కల్లు తాగుతున్నప్పుడు ఇంకొకరితో ఎట్లా పోతానని అడిగేది. మామ ఆ లొట్టి వైపు వీపు పెట్టి కూర్చునేవాడు. ధైర్యవంతుడే, కాని ఆ గుంజ కింద పడుకొమ్మంటే ఒప్పుకునేవాడు కాదు.

బాపమ్మకు నేను మాట ఇచ్చాను. అప్పటి నుంచి మా ఇంట్లో కల్లూ కల్లా ఒకే లొట్టిలో పులిసేవి. తేడా ఏమిటంటే కల్లు తెల్లారేసరికి పులుస్తుంది, కల్లకు ఐదేళ్లు పట్టింది.

నాకు పద్నాలుగేళ్లు వచ్చిన యేడు శ్రావణంలో బాపమ్మ పోయింది. దినాలు అయిపోయాక గౌడు మళ్లీ లొట్టి తగిలించాడు. ఆ లొట్టి పొద్దుటికి నిండుగానే ఉంది. మర్నాడూ అంతే. గిన్నె పెట్టింది పెట్టినట్టే. అవ్వ మూత తీసేది, చూసేది, మూసేది. ఆశ పోయి అవ్వ ఏమైపోతుందోనని నాకు భయం పట్టుకుంది. బాపమ్మ ఉద్యోగం ఖాళీ పడింది, దానికి తగినదాన్ని ఊళ్లో నేనొక్కదాన్నే.

అవ్వ సర్వపిండి చేసిన రోజు చూసుకొని, కోడి కూసే వేళకు లేచి గుంజ దగ్గర కూర్చున్నాను. కల్లు అంత పులుపని నాకు తెలియదు. ముక్కు మూసుకొని, మందు తాగినట్టు ఆ మందును సగందాకా తాగాను. వాంతి రాకుండా సర్వపిండి అందుకున్నాను. నడుమ తిన్నాను. నోరింకా కుదుటపడలేదు. యేళ్ల తరబడి అలవాటైన పంటికి అంచు కూడా అడ్డం కాలేదు. గిన్నె ఖాళీ చేసి, పోయి పడుకున్నాను. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. నేను గుంజ కింద కల్లే తాగితే, బాపు తాగినట్టు లెక్కయింది.

పొద్దున అవ్వ మూత తీసింది. ఖాళీ గిన్నెను రెండు చేతులా పట్టుకొని గడప మీద కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో చెప్పలేను, పొయ్యి మాత్రం చల్లారింది. తర్వాత లేచి ఇల్లంతా అలికింది. సందుగ పెట్టెలోంచి బాపు ధోతి తీసి, ఉతికి, దండెం మీద ఆరేసింది. ఆరేళ్లుగా మడత విప్పని బట్ట గాలికి నిండి, లోపల మనిషి ఉన్నట్టు ఉబ్బింది. గౌడు దగ్గరికి తనే నడిచిపోయి, పెత్రమాస నాటికి రెండు లొట్లు తెమ్మని చెప్పి వచ్చింది. పెత్రమాసకు ఇంకా రెండు దినాలే ఉన్నాయి. ఆ రోజు ఊరంతా చనిపోయిన పెద్దలకు ఆకుల్లో తిండి పెడతారు, కల్లు పెడతారు. ఒకటి మీ బాపమ్మకు, ఒకటి మీ బాపుకు తాగడానికి అని, వాకిట్లోని ఎడ్లతో చెప్పినట్టు చెప్పింది.

ఆ సాయంత్రం మళ్లీ సర్వపిండి చేసింది. జడ వేసుకుంది. నన్ను దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించింది.

“రేపు కోడి కూస్తె లేవకు బిడ్డా. మనిషిని చూస్తె సిగ్గుపడి ఎనుకకు పోతడేమో.”

బాపమ్మకు ఇచ్చిన మాట గుర్తొచ్చింది. అవ్వ కళ్లలోకి చూశాక అది నిలవలేదు.

“అవ్వా, గది నేనే తిన్న.”

అవ్వ నా మొహం వైపు చూస్తూనే ఉంది.

“అంచు సుత?”

“అంచు సుత.”

పొయ్యిలో కట్టెను వెనక్కి లాగింది. నా దవడ మీద చెయ్యి పెట్టి, నీ పండ్లు మంచిగున్నయి బిడ్డా అంది. పొయ్యి దిక్కు చూస్తూ అన్నది.

“మీ బాపమ్మ అని నాకు మొదటినాడే ఎర్క. పండ్లున్నోడు అంచు ఇడుస్తడా? రోజు మూత తీసుడు, అంచు చూసుడు. ఇంక రాలే అనుకునుడు. ఇయ్యాల అంచు లేదు.”

ఎందుకు ఊరుకున్నావని అడిగాను. అడిగితే ముసల్ది తాగుడు మానేస్తుందట. ఆ రెండు గుక్కలు పడితేనే నాలుగు మెతుకులు తినేదట. అందుకే గుడాలు ఇంకా మెత్తగా ఉడికించేదట. మరి నువ్వెందుకు ఉన్నావు, మామతో ఎందుకు పోలేదని అడగడానికి నోరు రాలేదు. ఇన్నేళ్లూ బాపమ్మ కోడలిని మోసం చేస్తున్నదనుకున్నాను. కోడలు ఆ మోసానికి ఉప్పూ కారం సరిచూసి వడ్డించింది. మధ్యలో మోసపోయింది నేనొక్కదాన్నే. అంత తెలివైనదాన్ని.

పెత్రమాస నాడు గౌడు రెండు లొట్లు తెచ్చాడు. అవ్వ వద్దనలేదు. లోపలి అర్రలో ఒక్క ఆకే వేసింది. అన్నం పెట్టింది, కూర పెట్టింది, చేత్తో నలిపితే మెదిగే బొబ్బెర గుడాలు పెట్టింది. ఒక లొట్టి ఆకు పక్కన ఉంచింది. అదంతా బాపమ్మది, నాకు అర్థమైంది. ఆ తర్వాత సర్వలోంచి సర్వపిండి తీసింది. నడుమను పక్కకు పెట్టి, అంచు ఒక్కటే విరిచింది. నల్లగా, గట్టిగా ఉన్న ముక్కలు. వాటిని ఒక్కొక్కటే బాపమ్మ ఆకు మీద పేర్చింది.

పన్ను లేని మనిషి ఆకు మీద ఆ ముక్కలు ఎవరికోసమో నేను అడగలేదు.

పెద్దలు వచ్చి తినే వేళ ఎవరూ చూడకూడదు. ఊదు వేసి, తలుపు దగ్గరకు వేసి, ఇద్దరం వాకిట్లోకి వచ్చాం. అవ్వ గుంజ దగ్గరికి పోయి, రెండో లొట్టి దించింది. మూతి మీది బట్ట విప్పింది. లోపలి బుసబుస ఒక్కసారి పెద్దగా వినిపించింది. లొట్టిని వంచి, వాకిలి నడుమ నేల మీద, ఆఖరి చుక్కదాకా పోసింది. నురుగు కాసేపు నిలిచింది, తర్వాత నేల పీల్చుకుంది. ఆరేళ్లలో మా వాకిట్లో కల్లు వాసన మట్టిలోంచి రావడం అదే మొదలు.

అప్పుడే తలుపు వెనక ఏదో కటుక్కుమంది. పొయ్యిలో కట్టె చిట్లి ఉంటుంది. అయితే అవ్వ కూడా తల తిప్పింది. తలుపు తీశాక ఆకు మీది అంచు ముక్కలను ఇద్దరిలో ఎవరమూ లెక్కపెట్టలేదు.

ఆ సాయంత్రం ఊరి ఆడవాళ్లు మొదటి బతుకమ్మ ఆడారు. అవ్వ పువ్వులు పేర్చి ఇచ్చింది, బొట్టు తీయలేదు, ఆటలో దిగలేదు. పక్కన నిలబడి చప్పట్లు కొట్టింది. ఎవరూ ఏమీ అడగలేదు. మర్నాటి నుంచి గౌడు మా దారిన పోతూ తల వంచుకొని పోయేవాడు. గుంజ ఖాళీగా ఉండేది, గాలి వీస్తే అవ్వ ఇంకా తల తిప్పేది.

పెత్రమాస మర్నాడు పొద్దున పిండి కలపబోయి, కల్లు కోసం చెయ్యి చాచి, ఆగి, నీళ్లు పోసింది. రొట్టె పొంగలేదు. పలచగా, గట్టిగా వచ్చింది. ఇద్దరం చెరి సగం చేసుకొని తిన్నాం. ఇంట్లో నమిలే చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు.