ఇందుమతి రాసిన ఉత్తరం

తాస్‌గావ్‌లో దిగంబర్ ఖోచరేను రిటైరైన బస్సు కండక్టరని ఎవరూ అనరు, 'వారణావార్త' పత్రికకు ఉత్తరాలు రాసే ఖోచరే అంటారు. పాఠకుల లేఖల్లో ఆయనవి నూట తొంభై ఆరు అచ్చయ్యాయి. అన్నీ కత్తిరించి పుస్తకంలో అంటించుకున్నాడు. ఏటా పత్రిక వార్షికోత్సవంలో ఉత్తమ లేఖ రాసినవాళ్లకు శాలువా కప్పి, కొబ్బరికాయ చేతిలో పెడతారు. పదకొండేళ్లుగా ఆ శాలువా ఎవరెవరి భుజాల మీదకో పోతోంది. ఈసారైనా తనకు రాకపోతుందా అని ఆయన ఆశ.

సరిగ్గా అప్పుడే ఎదురింట్లో బట్టలు కుట్టే మాలన్ తన మొట్టమొదటి ఉత్తరం రాసింది. బస్టాండులో ఆడవాళ్లు కూర్చోవడానికి బల్లలు లేవని, నాలుగంటే నాలుగే ముక్కలు. దాని చుట్టూ గీత గీసి మరీ అన్నిటికన్నా పైన వేశారు. ఆ రోజు ఖోచరే ఉత్తరం అసలే లేదు. ఇంకేముంది, ఆయనకు ఒళ్లు మండిపోయింది.

"ఎలా ఉంది కాకా? మీరే చెప్పాలి," అంటూ పేపరు పట్టుకుని వచ్చింది మాలన్.

"బాగానే ఉంది తాయీ. కాస్త ముతగ్గా ఉందనుకో. మొదటిది కదా."

ఆమె వెళ్లాక భార్య సుశీల టీ గ్లాసు ఠక్కున పెట్టింది. "పాపం, ఆ పిల్ల మీద కళ్లల్లో నిప్పులు పోసుకుంటారేమండీ?"

"నాకేం ఏడుపు? బల్లలేస్తే సరిపోతుందా, బస్సు రావద్దూ?"

అన్నాక ఆ మాట ఆయనకే నచ్చింది. కానీ దాన్నే మాలన్‌కు జవాబుగా సొంత పేరుతో రాస్తే, ఎదురింటి పిల్ల మీద కుళ్లుకున్నాడని వీధంతా నవ్వుతుంది. అందుకని పేడ్ గ్రామం, ఇందుమతి శిఖరే అని లేని మనిషి పేరు పెట్టాడు. తన ఉత్తరాల్లో దట్టించే బరువైన మాటలు కూరలమ్ముకునే ఆడమనిషి నోట ఇమడవు కదా, వాటిని వదిలేశాడు. ముప్పై ఏళ్లు తన బస్సెక్కినవాళ్లు ఎలా మాట్లాడేవారో అలాగే రాశాడు. 'బల్లలెందుకమ్మా మాకు? ఏడింటి బస్సు తొమ్మిదింటికొస్తే నా మెంతికూర ఎవరు కొంటారు?' మూడో రోజుకే అది అచ్చయింది. మాలన్‌కు తగిన శాస్తి జరిగిందని ఆయన సంబరపడ్డాడు.

వార్షికోత్సవానికి సాంగ్లీలో ఇద్దరికీ పక్కపక్క కుర్చీలే దొరికాయి. సంపాదకుడు మైకు అందుకున్నాడు.

"ఇంత మంచి ఉత్తరం ఈమధ్య మాకు రాలేదు. శ్రీమతి ఇందుమతి శిఖరే గారు వేదిక మీదకు రావాలి."

మూడుసార్లు పిలిచారు. ఖోచరే సగం లేచాడు. పూర్తిగా లేస్తే, పక్కనున్న పిల్ల మీద దొంగపేరుతో రాసింది తనేనని అందరికీ తెలిసిపోతుంది. మళ్లీ కూలబడ్డాడు. శాలువాను మడత విప్పకుండానే లోపలికి పట్టుకుపోయారు.

"నన్ను కడిగేసింది గానీ కాకా, ఉన్నమాటే చెప్పింది ఆవిడ," అంది మాలన్, చప్పట్లు కొడుతూనే. "ఏమనుకోకండి, మీరు కూడా అలా రాయొచ్చు కదా?"

"మనకెక్కడ వస్తుంది తాయీ," అన్నాడు ఖోచరే. మాలన్ మీద ఎన్నడూ రగలనంతగా, ఆ లేని ఇందుమతి మీద ఆయనకు కడుపు రగిలిపోయింది.