రవిని ఒడ్డుకు చేర్చిన గాలి

దెయ్యాలనీ ఆత్మలనీ ఎవరైనా మొదలుపెడితే అక్కడి నుంచి లేచిపోయే రకం నేను. చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. కొలవలేని దాని గురించి మాట్లాడటం నాకు చేతకాదు. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ ఎక్కడా రాయలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో బందరులో చదువుకునేవాళ్లం. మేం నలుగురు స్నేహితులం. మాలో ఒకడైన రవికి వాళ్ల మావయ్య గోవా నుంచి పాత విండ్‌సర్ఫింగ్ బోర్డు తెచ్చిచ్చాడు. బోర్డు మీద నిలబడి, దానికి బిగించిన తెరచాపను పట్టుకుని గాలితో సాగిపోవడమే ఆట. ఒక ఆదివారం పాలకాయతిప్ప వెళ్లాం. కృష్ణా నది సముద్రంలో కలిసేది అక్కడే.

సామాను లిస్టు నాది. తాళ్లు, మంచినీళ్లు, గాలి వాటం చూడటానికి కర్రకు కట్టిన రిబ్బను, నాలుగు లైఫ్ జాకెట్లు. అన్నిటికీ టిక్కు పెట్టాను. జాకెట్లు లెక్కపెట్టానే గాని, ఒకదానికి బకిల్ విరిగిందని చూడలేదు.

ఆ జాకెట్ రవికి వచ్చింది. "పది నిమిషాలేగా రా" అని దాన్ని ఇసుకలో పడేసి వెళ్లాడు. వాడికి ఈత అంతంతమాత్రం.

గాలి నిమిషానికో దిక్కు మారుతోంది. వాడు నది మధ్యకు చేరేసరికి పూర్తిగా పడిపోయింది. తెరచాప నీళ్లలో వాలింది. అప్పటికే ఆటు మొదలై నీళ్లు సముద్రం వైపు లాగుతున్నాయి. రవి బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో ఈదుతున్నాడు, అయినా దూరమవుతున్నాడు. తోడుకి మాట్లాడుకున్న మోటారు పడవ ఇంజన్ ఎంతకీ అందుకోలేదు. నేను లిస్టు కాగితం పట్టుకుని నిలబడిపోయాను.

ఒడ్డున చేపలు ఎండబెడుతున్న ఒక మామ్మ లేచింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని, నది వైపు తిరిగి కేకేసింది.

"ఏవండోయ్! మిమ్మల్నే! ఎవరి పిల్లాడో కొట్టుకుపోతున్నాడు, కనపడట్లా? తీసుకురండి. మెల్లిగా, భయపడతాడు."

నదిలో రవి తప్ప ఎవరూ లేరు.

వాడి వెనక నీటి మీద సన్నటి అలల చార లేచింది. మహా అయితే ఒక పడవ వెడల్పు. రెండు పక్కలా నీళ్లు కదల్లేదు. మా రిబ్బను వేలాడుతూనే ఉంది. రవి లేచి తెరచాప ఎత్తాడు. అది నిండింది. ఆటుకు ఎదురుగా, తిన్నగా మా వైపు వచ్చాడు. బోర్డు ఇసుకకు తగలగానే తెరచాప మళ్లీ వాలిపోయింది.

వాణ్ణి గట్టిగా వాటేసుకున్నాను. "వదలరా, ఇప్పుడు నువ్వు చంపేట్టున్నావ్" అన్నాడు. ఇద్దరం ఏడ్చాం.

పడవ నడిపే ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. "ఆ మామ్మ వాళ్లాయనకి తెరచాప పడవ ఉండేదండి. పోయి చానా ఏళ్లయింది. ఆవిడ రోజూ ఇట్టాగే మాట్లాడుద్ది. మేం పట్టించుకోం."

దణ్ణం పెట్టబోతే మామ్మ సిగ్గుపడి పక్కకి జరిగింది. "నాదేముంది బాబూ. ఆయనకి చెబితే చేస్తారు, చెప్పందే కదలరు."

తర్వాత కాగితం మీద కారణాలు రాసుకున్నాను. సముద్రపు గాలి అయితే రిబ్బను కదలాలి. సుడిగాలి అయితే తిన్నగా రాదు. రెండూ కొట్టేశాను. మూడోది ఇప్పటికీ దొరకలేదు.

ఆ సాయంత్రం మామ్మ గంప ఎత్తుకుని నది ఒడ్డునే ఇంటికి నడిచింది. మాట్లాడుతూ, మధ్యమధ్య ఆగి వింటూ. ఒకచోట పకపకా నవ్వింది. అక్కడ ఆవిడ ఏం విన్నదో నాకు తెలియదు.