భద్రు పూసిన సిందూరం

భద్రు కుడిచేతికి ఇప్పుడు మూడు వేళ్లే వంగుతాయి. హుజూర్‌నగర్ దగ్గర సున్నపురాయి క్వారీలో పదహారేళ్లు సమ్మెట పట్టిన చెయ్యి అది. మాటకంటే ముందు చెయ్యి లేచే మనిషి. ఒకసారి మేస్త్రీని గునపం పట్టుకుని తరిమాడు. అలాంటివాడి తలకు జర్మన్ ప్రొఫెసర్లను ఎక్కించిన ఘనత నాదే. అతని కూతురు కావ్యకు సైన్సు చెప్పే టీచర్ని నేను.

మొన్న వేసవికి ముందు సంచిలో రాతిముక్క వేసుకుని బడికొచ్చాడు. కోసిన ఉల్లిగడ్డలా పొరలు పొరలుగా ఉంది.

"టీచరమ్మా, ఇది అన్ని రాళ్ల లెక్క పలుగుతలేదు. జర సూడుండ్రి."

చూడగానే అదేమిటో గుర్తుపట్టాను. తెలిసిందంతా చెప్పేశాను. ఓపెల్ అనే జర్మన్, శిలాజాలను బట్టి ఏ రాతిపొర ఏ పొరకు ఈడో పోల్చడం నేర్పాడని; నూరేళ్ల కిందట కల్కోవ్‌స్కీ అనే మరో జర్మన్ ఇలాంటి రాళ్లకే స్ట్రోమటోలైట్లని పేరుపెట్టి, ఇవి నీళ్లలో చిన్నచిన్న జీవులు కట్టినవంటే చాలామంది నమ్మలేదని.

"నమ్మకపోతే ఏం జేసిండు? కొట్టిండా?"

"రాశాడు."

ఆ జవాబు భద్రుకు నచ్చలేదు.

క్వారీలో ఆ ముక్క రాలిన బండ ఫోటోలు యూనివర్సిటీకి పంపాను. శుక్రవారం వస్తాం, బండను కదపనివ్వొద్దు అన్నారు. క్వారీలో బుధవారమే దాన్ని పేల్చేస్తారట. మేనేజర్ ప్రభాకర్‌ను బతిమాలాను.

"రాళ్లకు కూడా సెలవులివ్వాలా సువార్త మేడమ్?" అని నవ్వాడు.

భద్రు అతని కాలర్ పట్టుకున్నాడు. సెక్యూరిటీవాళ్లు భద్రును గేటుదాకా తన్నుకుంటూ ఈడ్చారు.

బుధవారం తెల్లారేసరికి బండకు సిందూరం పూసి, వేపకొమ్మ కట్టి, కోడిని కోసి, తమ లంబాడీలు కొలిచే సీత్లా భవాని వెలిసిందన్నాడు భద్రు. డ్రిల్లు పట్టేవాళ్లలో సగంమంది అతని తండావాళ్లే. మిషన్లు ఆగాయి. ప్రభాకర్ కూడా దండం పెట్టాడు. ఆదివారం చర్చికి పోయే నేను, అబద్ధమని తెలిసీ సంబరపడ్డాను.

ఒక్కటి మరిచాం. సీత్లా ఒక్కతే ఉండదు, వాళ్లు ఏడుగురు అక్కచెల్లెళ్లు. తండా పొలిమేరలో ఏడు రాళ్లు వరుసగా నిలిపి కొలుస్తారు. గురువారం తండా పెద్ద హన్మా నలభైమందిని వెంటేసుకుని సమ్మెటలతో క్వారీలోకి దిగాడు. భద్రు ఫోన్ చేస్తే నేనుండే కోదాడ నుంచి ఆటోలో పరుగెత్తాను. నేను చేరేసరికి బండ ఒక మూల పగిలిపోయింది.

"జరుగు భద్రూ," అంటున్నాడు హన్మా. "తల్లిని ఈ గుంతల ఉంచుతమా? ఏడు ముక్కలు జేసి తండాకు తోల్కపోతం."

భద్రు ఒకడి పళ్లు రాలగొట్టాడు, ఇంకొకణ్ణి కిందికి తోసేశాడు. అయినా మళ్లీ సమ్మెట లేచింది.

"తల్లి లేదు, ఏం లేదు!" అని అరిచాడు. "సిందూరం నేనే పూసిన!"

 అందరూ అతని మీద పడ్డారు. సిందూరం పూసిన చేతిని అదే బండమీద పెట్టి సమ్మెట కర్రతో కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. భార్య మోతీబాయి హన్మా కాళ్లమీద పడితే ఆమెనూ తన్నారు. ఆపండని నేనూ అరిచాను. ఇదంతా నావల్లే అని మాత్రం అనలేదు. భయపడ్డాను.

అమ్మవారు లేని రాయి వాళ్లకు అక్కర్లేదు; కొట్టి కొట్టి అలిసిపోయి వెళ్లిపోయారు. బండ నిలిచింది. భద్రు నెత్తుటి నోటితో నవ్వాడు.

"ఒక్క మూలనే పోయింది టీచరమ్మా. రేపే గద శుక్రారం?"

గట్టుమీద నిలబడ్డ ప్రభాకర్ అంతా విన్నాడు.

"అమ్మవారు లేదని వాడే చెప్పాడుగా. ఇంకేం, మొదలుపెట్టండి," అని డ్రిల్లర్లను పిలిచాడు. కాళ్లావేళ్లా పడ్డాను, వినలేదు.

దవాఖానలో భద్రు చేతికి కట్టు కడుతుండగా క్వారీ వైపునుంచి పేలుడు వినిపించింది. అతను లేవబోతే మోతీబాయి అదిమి పట్టుకుంది.

"నిజం జెప్పి నేనే ఆ బండను సంపిన టీచరమ్మా," అన్నాడు.