సక్కగ పోండ్రి

ఆ రోజుల్లో ఫిలింనగర్‌లో కథ లేని మనిషి ఉండేవాడు కాదు, కథ వినే మనిషి దొరికేవాడు కాదు. (ఆ రోజులంటే మరీ పాతవేం కావు, సెల్‌ఫోన్లు దారి చెప్పడం నేర్చుకున్న రోజులే.) టీ కొట్టాయన దగ్గర ఒక కథ ఉండేది, మా ఆఫీసు వాచ్‌మన్ దగ్గరైతే రెండు భాగాల కథ ఉండేది. గోదావరి జిల్లా నుంచి నేను కూడా ఒక బ్యాగూ, ఒక ప్రేమకథా పట్టుకుని దిగాను. జూబ్లీహిల్స్‌లో ఒక దర్శకుడి దగ్గర ఆఖరి అసిస్టెంటుగా చేరాను. క్లాప్ బోర్డు మీద అంకెలు రాయడం, టపీమని కొట్టడం, కెమెరాకు కనపడకుండా పక్కకు పరిగెత్తడం, ఇదీ నా కళాసేవ. ఇంట్లోవాళ్ళు ఆ ఉగాది వరకే గడువిచ్చారు. ఈలోపు ఎవరూ నా కథ వినకపోతే మామయ్య ఎరువుల కొట్లో కూర్చోవాలి. ఆ కొట్టు వాసన తలుచుకున్నప్పుడల్లా నాకు సినిమా మీద ప్రేమ రెట్టింపయ్యేది.

అలాంటి సమయంలో మా గురువుగారికి (దర్శకుణ్ణి మేమంతా అలాగే పిలిచేవాళ్ళం) డాక్టరు సైకిలు తొక్కమని చెప్పాడు. ఆయనకు ఏ పనైనా పక్కన ఒక మనిషి ఉంటేగానీ తోచదు. "ఏమయ్యా, ఎప్పుడూ కథ కథ అని గొణుగుతుంటావుగా, ఆదివారం పొద్దున్నే వచ్చెయ్. తొక్కుతూ వింటాను. గండిపేట దాటాక ఊళ్ళ మీదుగా, గుట్టల మీదుగా ఒక రౌండు. మోడరేట్ అట!" అన్నారు. మోడరేట్ అంటే ఏమిటో ఆయన సైకిలుకున్న గేర్లను బట్టి ఆయనకు ఒకలా అర్థమైంది, నా సైకిలుకు లేని గేర్లను బట్టి నాకు ఇంకోలా అర్థమైంది. నాకిచ్చింది వాళ్ళమ్మాయి స్కూలు రోజుల్లో తొక్కి వదిలేసిన గులాబీ రంగు సైకిలు. ముందు బుట్ట కూడా ఉంది. ఎరువుల కొట్టు తప్పుతుందంటే బుట్టలో పూలు పెట్టుకుని తొక్కడానికైనా నేను సిద్ధమే.

ఒక షరతు పెట్టారు. ఫోన్లు కట్టేయాలి. "నువ్వు క్లైమాక్సు చెబుతుంటే మధ్యలో ఆ ఫోన్లో అమ్మాయి కుడివైపు తిరగండి అంటే నేను ఒప్పుకోను. దారి ఊళ్ళో వాళ్ళను అడుగుదాం. నువ్వు రహమత్ నగర్‌లో ఉంటావు, నేను తెలంగాణ యాసలో ఎన్ని సీన్లు రాయించానో నీకు తెలుసు. మనకేం భయం!" అన్నారు. నాకూ ఆ ధీమా ఉండేది. రహమత్ నగర్‌లో మా ఓనరమ్మ నేను పనికి బయల్దేరినప్పుడల్లా గుమ్మంలోంచి "సక్కగ పోయి సక్కగ రా బిడ్డా" అనేది. అమ్మకు దూరంగా ఉన్నవాణ్ణి కదా, క్షేమంగా వెళ్ళి లాభంగా రమ్మని ఈ మహాతల్లి రోజూ దీవిస్తోందని మురిసిపోయేవాణ్ణి.

తెల్లారుతుండగా ఫిలింనగర్ దిగి, టోలిచౌకి దాటి, గండిపేట వెనకేసుకుని ఊళ్ళలోకి వచ్చేసరికి నిజంగానే ప్రాణం లేచొచ్చింది. బంతితోటలు, టమాటా చేలు, మధ్యమధ్య బండరాళ్ళ గుట్టలు. నేను కథ మొదలుపెట్టాను. చిక్కేమిటంటే, రోడ్డు దిగుతున్నప్పుడు గురువుగారు గాలిలా ముందుకు పోయేవారు, నా డైలాగులన్నీ వెనక చేలల్లో పడిపోయేవి. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే ఆయన నాకు అందేవారు, కానీ అప్పుడు నాకు ఊపిరి అందేది కాదు. "ఆమె... తలుపు తీసింది... వీడు... నిలబడ్డాడు..." అని రొప్పుతుంటే ఆయన వెనక్కి తిరిగి "ఆ గ్యాపులు బాగున్నాయయ్యా!" అన్నారు. అవి గ్యాపులు కావని, నా ప్రాణాలని చెప్పే ఓపిక కూడా లేదు.

అలా ఒక ఊరి చివర మూడు దారుల దగ్గరికి వచ్చాం. అక్కడొక రేకుల షెడ్డు, చాయ్ దుకాణం. ఒక అవ్వ మాకు వీపు పెట్టి, పొయ్యి ముందు కూర్చుని, రెండు చేతులతో జొన్నరొట్టె కొడుతోంది. "శంకర్‌పల్లి రోడ్డు ఎటమ్మా?" అని అడిగాను. రొట్టె మీంచి చూపు తిప్పకుండానే "సక్కగ పోండ్రి బిడ్డా" అంది. నాకు మా ఓనరమ్మ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. "ఎటెళ్ళినా వస్తుందట గురువుగారూ, జాగ్రత్తగా వెళ్ళమంటోంది" అని తర్జుమా చేశాను. ఎదురుగా ఉన్న దారి ఇరుగ్గా, ఎత్తుగా ఉంది. ఎడమ దారి నున్నగా, పల్లంగా ఉంది. చక్కగా వెళ్ళమన్నాక చక్కగా ఉన్న రోడ్డే కదా ఎక్కాలి! జర్రున దిగాం, ఒక చెరువు చుట్టూ తిరిగాం, నడుములు విరిగేలా ఎత్తెక్కాం. ఎక్కి చూస్తే అదే షెడ్డు, అదే అవ్వ, ఇంకో రొట్టె.

"నీకు అడగడం రాదయ్యా, యాసలో అడగాలి" అని గురువుగారు గొంతు సవరించుకున్నారు. "ఏమ్మా, శంకర్‌పల్లికి గిట్ల పోవాల్నా, గట్ల పోవాల్నా?" అన్నారు, రెండువైపులా చెయ్యి ఊపుతూ. అవ్వ ఓరగా చూసి, మళ్ళీ రొట్టె కొడుతూ "గిట్ల గాదు, గట్ల గాదు, సక్కగ పోండ్రి సారూ!" అంది. గురువుగారు చలించిపోయారు. "చూశావా? దారుల గురించి కంగారు పడొద్దు, మనం చక్కగా ఉండటం ముఖ్యం అంటోంది. ఎంత వేదాంతమయ్యా! రాసుకో." ఈసారి కుడివైపు దిగాం. (ఎడమవైపు చూసేశాం కదా.) ఆ రోడ్డు బంతితోటల్ని చూపించి, ఒక రాళ్ళ గుట్ట చుట్టూ తిప్పి, అదే షెడ్డు దగ్గర వదిలింది. తిరిగి షెడ్డు దాకా ఎక్కే ఎత్తు మీద నా హీరో హీరోయిన్ని విడిచి వెళ్ళిపోయే సీను చెప్పాను. నిజంగానే ఏడుపొచ్చింది, కాళ్ళు అలా లాగేశాయి.

అవ్వ ఈసారి పిండి చేతులతో లేచి నిలబడింది. "ఏంది బిడ్డా, మళ్ళొచ్చిండ్రు? సక్కగ పొమ్మంటి గద!"

"చక్కగానే వెళ్ళామమ్మా, ఎక్కడా పడలేదు" అన్నారు గురువుగారు, ఎంతో వినయంగా.

అవ్వ ఒక క్షణం ఆయన్నీ, నన్నూ, నా గులాబీ సైకిలునూ చూసింది. చెయ్యి ఎదుటి దారి మీదికి చాచి, "సక్కగ అంటె గిట్ల! ముంగటికి! ఎటు మలగకుండ!" అంది. గురువుగారు ఆ చేతి వెంటే చూస్తూ ఉండిపోయారు. నాకైతే దారి కంటే ముందు మా ఓనరమ్మ కనపడింది. అయితే ఇన్నాళ్ళూ ఆ తల్లి దీవించలేదన్నమాట. దారిలో ఎక్కడా తిరక్కుండా తిన్నగా పోయి తిన్నగా రమ్మని హెచ్చరిస్తోంది! ఆ కంగారులో "ఓహో, తిన్నగా వెళ్ళాలా అవ్వా!" అన్నాను.

"తిన్నంకనే పోండ్రి, ఎవలొద్దన్నరు? కూసోండ్రి" అని అవ్వ రెండు రొట్టెలు, ఎల్లిపాయ కారం తెచ్చి మా ముందు పెట్టేసింది.

నేను ఆమె మాటను తప్పుగా విన్నందుకు దారి తప్పాం, ఆమె నా మాటను తప్పుగా విన్నందుకు కడుపు నిండింది. విషయం విప్పి చెబితే అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కూర్చున్నచోటే ఊగుతూ నవ్వింది. గురువుగారైతే రొట్టె పొలమారేదాకా నవ్వారు. నవ్వులయ్యాక "ఊపిరొచ్చిందిగా, ఇప్పుడు కథ మొత్తం చెప్పు" అన్నారు. చెప్పాను. గాలికి పోయిన డైలాగులు కూడా ఏరుకొచ్చి, ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. ఆయన మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. ఎరువుల వాసన నా ముక్కుకు తగిలింది.

"ఇది బాగాలేదయ్యా" అన్నారు. రొట్టె ముక్క కారంలో అద్దుకుని, "ఎత్తు మీద చెప్పావే, అది బాగుంది. ఊపిరి చాలక నువ్వు మింగేసిన మాటలు మింగినట్టే ఉంచు. మిగిలింది రాసుకురా. రేపట్నుంచి క్లాప్ ఇంకొకడు కొడతాడు, నువ్వు డైలాగుల దగ్గర కూర్చో" అన్నారు. నాకు సంతోషంతో మాట రాలేదు. అదీ ఆయనకు నచ్చినట్టే ఉంది.

ఎరువుల కొట్టు తప్పింది. ఆ ప్రేమకథ మాత్రం ఇంతవరకూ సినిమా కాలేదు, ఏటా కొన్ని మాటలు తగ్గిస్తూనే ఉన్నాను. ఇప్పుడు నాకు పొట్టా వచ్చింది, కారూ వచ్చింది, ఫోన్లో అమ్మాయి చెప్పినచోటల్లా బుద్ధిగా తిరుగుతున్నాను. గురువుగారికి మోకాళ్ళు అరిగి సైకిలు గోడకెక్కింది. మొన్న చూడ్డానికి వెళితే, గేటు దాకా కర్ర పట్టుకుని వచ్చి, "చక్కగా వెళ్ళు నాయనా" అన్నారు. తిన్నగా వెళ్ళమన్నారా, క్షేమంగా వెళ్ళమన్నారా అని అడగబోయి, ఆయన కళ్ళలో ఆనాటి నవ్వు చూసి ఊరుకున్నాను. ఆ నవ్వే తలుచుకుంటూ, మా ఇంటి మలుపు దాటిపోయి, చాలాదూరం సక్కగ పోయాను.