గుడ్డ చుట్టిన ఫ్లాస్కు

మా పీహెచ్‌డీ గైడు మేడం పోయినారు. పొద్దున ల్యాబులో లైటు వేసి, గాజు ఫ్లాస్కులో నీళ్ళు తిరిగేది చూస్తా ఉన్నాను. మేడం సొంతూరు గుడియాత్తం నుంచి వాళ్ళ తమ్ముడు ఫోను చేసినాడు. "అక్క నిద్రలోనే పోయిందమ్మా. గుండె ఆగిపోయిందంట." నాకు ఏడుపు రాలేదు. భయమేసింది.

వేలూరులో మా ల్యాబు పని చెప్పేదానికి సులువే. మందుల్లోకి పనికొచ్చే పదార్థాలు చేసేటప్పుడు మామూలుగా ఘాటైన ద్రావకాలు వాడతారు. మేడం వాటికి బదులు నీళ్ళు పోసేవారు. అందులో లోహపు ఉత్ప్రేరకం చిటికెడు వేసి నీలం లైటు పెడితే, తయారైన సరుకు నీళ్ళల్లో కరగక తెల్లగా తేలతాది. ఆ ఉత్ప్రేరకం నేను చేస్తే ప్రతిసారీ పాడైంది. మేడం చేసిపెట్టిన దాంట్లో ఆఖరి చిటికెడు ఆ పొద్దున నా ఫ్లాస్కులోనే ఉండాది.

"నీళ్ళే ఎందుకు మేడం?" అని అడిగితే నవ్వేవారు. "ఈథరు ద్రావకానికి నిప్పంటుకునేది కండ్లారా చూసినా పాపా. మేము నేత, అద్దకం ఇంటోళ్ళం, నీళ్ళంటే మాకు చనువు." తాళం వేసినాక కూడా తిరిగొచ్చి గ్యాసు నాబు తిప్పి చూసేవారు. నేను ఉత్త పిరికిదాన్నని ఏడిస్తే, "భయం ఉండనీ. భయం లేనోళ్ళ పక్కన నేను నిలబడనమ్మా తల్లీ" అనేవారు.

ఒకసారి కరెంటు పోయి లైటు ఆరిపోతే, అంతా పాడైపోయిందని నేను లబోదిబోమన్నాను. మేడం సంచిలోంచి లుంగీ ముక్క తీసి ఫ్లాస్కుకు చుట్టినారు. వాళ్ళింట్లో నేత మధ్యలో ఆపితే మగ్గం మీద అట్లనే గుడ్డ కప్పుతారంట. "యాడికీ పోదులే. వెలుగు లేకుంటే ఆగుతాది, అంతే. మళ్ళీ వేస్తే ఆగిన కాడినుంచే నడస్తాది."

ఆ మాట మనసులో పెట్టుకునే నేనూ లైటు ఆర్పి, అదే ముక్క చుట్టి, గుడియాత్తం బస్సెక్కినాను. మేడంను ముందు గదిలో పడుకోబెట్టినారు. పక్కనే మగ్గం, దాని మీద గుడ్డ. మేడం మొహం చూడలేక ఆ గుడ్డనే చూస్తా కూర్చున్నాను. వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకునింది. "నీ గురించే చెప్తా ఉండేది నా బిడ్డ. పని మధ్యలో వదిలేసి వచ్చినావా? పో తల్లీ, పోయి చూసుకో."

మర్నాడు ల్యాబులో ఆ ఫ్లాస్కు ముందర శానాసేపు నిలబడినాను. గుడ్డ కింద అంతా చచ్చిపోయి ఉంటే? మేడం చేతి ఉత్ప్రేరకం ఇంక చిటికెడు కూడా లేదే! గుడ్డ విప్పి, కళ్ళద్దాలు పెట్టుకుని, స్విచ్చి వేసినాను. మధ్యాహ్నం దాకా నీళ్ళు ఉత్త నీళ్ళుగానే తిరిగినాయి. అన్నం బాక్సు తెరవబుద్ధి కాలేదు.

తర్వాత ఫ్లాస్కు అంచున ఒక తెల్లటి పలుకు. దాని వెనకే ఇంకోటి.

"ఆగిన కాడినుంచే నడస్తా ఉండాది మేడం" అని ఖాళీ గదిలో గట్టిగానే చెప్పినాను. భయం మాత్రం తగ్గలేదు. లుంగీ ముక్కను గుప్పిట్లో పట్టుకుని, ఆ నీలం వెలుతుర్లో తెల్లగా తేలేది చూస్తా నిలబడినాను.