బల్దిరి వెనక బ్రేకు

బల్దిరి బ్రేకు మీట మీద వేలు వేసి నొక్కాడు. మీట ఎక్కడా ఆగలేదు. పాలలో నానిన రొట్టెను అదిమినట్టు మెత్తగా హ్యాండిల్ దాకా దిగిపోయింది. వదిలి మళ్ళీ నొక్కాడు. అదే మెత్తదనం.

శనివారం పొద్దున. సోమవారం ఊరవతల వాగులోని పెద్దరాయికి క్వారీ కంపెనీ మందు పెట్టి పేలుస్తుంది. ఆ రాయి మీదే అతనూ స్నేహితుడు కీర్జా సైకిలు మీద నిలబడడం నేర్చుకున్నారు. అది కంకరైపోయేలోపు, రేపు ఆదివారం, ఒక్కసారి దాని నెత్తికెక్కి నిలబడాలి. అంతకు మించి అతనికి కోరికేమీ లేదు. కానీ వెనక బ్రేకు పట్టకపోతే అది అయ్యే పని కాదు.

ఈ సైకిలుకు సీటుండదు. ఎక్కడికో చేరడానికి తొక్కే సైకిలు కాదిది. రాయి మీంచి రాయి మీదికి గెంతాలి, గెంతిన చోట కాలు కింద పెట్టకుండా నిలవాలి. వెనక చక్రం మీద లేచి రాయి అంచున ఆగిన మనిషి ప్రాణమంతా ఒక్క వేలి కింద ఉంటుంది. ఆ వేలు నొక్కితే సన్నటి గొట్టంలో నీళ్ళు తోసుకెళ్ళి రెండు దిమ్మెల్ని రిమ్ముకు అదమాలి. కొట్టువాడు అందులో నూనె పోసి అమ్ముతాడు. ఈ లోయలో మాత్రం ఇంటికి తెచ్చిన రోజే ఆ నూనె పారబోసి నీళ్ళు నింపుతారు, మీట చురుగ్గా కదులుతుందని. చలికాలం గడ్డకట్టకుండా కార్ల రేడియేటరులో పోసే మందు కాస్త కలుపుతారు. ఆ నీళ్ళలో గాలి బుడగ చేరిందా, మీట మెత్తబడుతుంది.

గాలి తీయడం ఇద్దరి పని అని ఇక్కడందరూ అంటారు. చక్రం దగ్గర ఒకరు సిరంజితో నీళ్ళు తోస్తుంటే మీట దగ్గర ఒకరు బుడగలు చూడాలి. కీర్జా పోయాక బల్దిరి ఒంటరివాళ్ళ పద్ధతి పట్టుకున్నాడు. మీటను ఊడదీసి, మర విప్పి, బకెట్ నీళ్ళలో ముంచి అక్కడే నొక్కుతూ కూర్చోవడం. గాలి దానంతటదే పైకొస్తుంది. పక్కన ఎవరూ అక్కర్లేదు. ఈ వారమంతా అదే చేశాడు. నిన్న ఒక్క బుడగ కూడా రాలేదు. గొట్టం వెంట వేలు జరిపి చూశాడు, ఎక్కడా చెమ్మ లేదు. దిమ్మెలు మార్చాడు. రిమ్మును మళ్ళీ రాపిడి చక్రంతో గరుకు చేశాడు. అయినా గాలే ఎక్కడో దాక్కుందని అతని నమ్మకం. మళ్ళీ బకెట్ నింపాడు.

అతనూ కీర్జా ఒక ఈడువాళ్ళు. ఇద్దరిదీ క్వారీలో కంకర మర దగ్గర పని. వారమంతా కంపెనీకి రాళ్ళు పగలగొట్టి, ఆదివారం వాగులో రాళ్ళ మీద గెంతేవాళ్ళు. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లే యంత్రం పెట్టమని అడిగితే, మూతికి గుడ్డ కట్టుకోమంది కంపెనీ. ఆ దుమ్మే కీర్జా ఊపిరితిత్తుల్లో పేరుకుంది. అతను మెట్లెక్కలేక కుర్చీకి అతుక్కుపోయిన ఏడాది, కంపెనీ సైకిళ్ళ క్లబ్బుకు కానుకలు పంచింది. చొక్కాలు, వెనక చక్రానికి అటూ ఇటూ ఉండే రెండు ఊచలూ విడిపోకుండా కలిపి బిగించే లాడం ఆకారపు పలకలు, అన్నిటి మీదా తన పేరు.

"మనిషిని మింగి చొక్కా కక్కింది!" అని క్లబ్బు విందు మధ్యలో లేచి బల్దిరి బయటికి నడిచాడు. వెనక ఎవరైనా వస్తారనుకున్నాడు. వీధి చివరిదాకా తిరిగి చూడలేదు. చూసేసరికి వీధి ఖాళీ. పలక ఒక్కటే పనికొచ్చేదని ఉంచుకుని, కంపెనీ పేరు కనపడకుండా నల్ల టేపు చుట్టాడు. తర్వాత క్లబ్బు కంపెనీ కట్టించిన సిమెంటు మైదానానికి మారింది. వాగులో అతనొక్కడే మిగిలాడు.

కీర్జా పోయినప్పుడు అతని భార్య రమేయ్, జబ్బు పొగతాగుడు వల్ల వచ్చిందన్న కాగితం మీద సంతకం పెట్టింది. ఉంటున్నది కంపెనీ ఇల్లు. పెట్టకపోతే వీధిలో పడాలి. అది బల్దిరికి తెలుసు. తెలిసీ శ్మశానం గేటు దగ్గర, "కీర్జా ఒక్క సిగరెట్టూ కాల్చి ఎరగడే, రమేయ్?" అన్నాడు. ఇద్దరి మధ్యా ఆ మాటే ఆఖరు మాట. న్యాయం బల్దిరి పక్షానే ఉంది, సందేహం లేదు. కానీ న్యాయం సాయంత్రంపూట వచ్చి ఎదురుగా కూర్చుని భోంచెయ్యదు. దుమ్ము రేపిన కంపెనీ చల్లగా ఉంది, దుమ్ము మింగినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు.

మధ్యాహ్నం బల్దిరి క్లిమెన్ బారుకెళ్ళి కాఫీ తీసుకున్నాడు.

"ఏమయ్యా, రేపు రాయెక్కుతున్నావట!" అన్నాడు క్లిమెన్ గ్లాసు తుడుస్తూ. "పడితే అక్కడే ఉండు. సోమవారం రాయితో పాటే ఎత్తేస్తారు."

"బ్రేకు పట్టడం లేదు. ఒక్క పది నిమిషాలొచ్చి చూస్తావా? నేను నొక్కుతుంటే వెనక ఏమవుతోందో నాకు కనిపించదు."

"పొయ్యి మీద నత్తలు పెట్టుకుని నేనొస్తే మా ఆవిడ నన్ను వండుతుంది. రమేయ్‌ని అడగరాదూ?"

"రమేయ్‌కేం తెలుసు?"

క్లిమెన్ తుడవడం ఆపాడు. "మనిషివేనా నువ్వు? గాలెట్లా తియ్యాలో మీరిద్దరూ కొట్టుకుంటుంటే, సిరంజి పట్టుకుని నేల మీద మోకరించింది ఎవరు? నేనా?"

బల్దిరి కాఫీ సగంలో వదిలేసి లేచాడు. ఇద్దరి పని అని ఇన్నేళ్ళూ చెప్పుకున్న దాంట్లో మూడో మనిషి ఉంది. ఆమెను లెక్కలోకే తీసుకోలేదు.

సైకిలు నడిపించుకుంటూ వెళ్ళి తలుపు తట్టాడు. రమేయ్ తెరిచింది. జుట్టు పూర్తిగా నెరిసింది. ముందు సైకిలును, తర్వాత అతన్ని చూసింది.

"ఎవరు చచ్చారు?"

"ఎవరూ చావలేదు. బ్రేకు మెత్తబడింది."

"గాలి తీశావా?"

"తీశాను."

"బకెట్లోనా?" ఆమె పెదవి విరిచింది. "సరే, ఎక్కు. గోడకు ఆనుకుని నొక్కు. నీ బరువంతా వెయ్యి, పిల్లిని నిమిరినట్టు కాదు."

కళ్ళద్దాలు సవరించుకుని చక్రం వెనక మోకరించింది. అతను నొక్కాడు.

"వదులు. నొక్కు. ఇంకోసారి." ఆమె చక్రం మీదికి ఇంకాస్త వంగింది. "గాలీ లేదు, గీలీ లేదు. నొక్కినప్పుడల్లా ఊచలు రెండూ విడిపోతున్నాయి. ఈ పలక ఏం చేస్తోంది మరి? దీనికి టేపెందుకు?"

"కింద వాళ్ళ పేరుంది."

ఆమె గోటితో టేపు లాగింది. కంపెనీ పేరు మధ్యలోంచి, వెంట్రుకంత సన్నగా పగులు. నొక్కితే తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది.

"చూశావా! వాళ్ళ పేరు దాచబోయి వాళ్ళ పగులు దాచిపెట్టావు."

లోపలికెళ్ళి కాగితం కూడా విప్పని కొత్త పలక తెచ్చింది. "కీర్జాకూ ఇచ్చారు. అప్పటికి కుర్చీలోంచి లేవడం లేదు. పలక ఇచ్చారు, పెద్ద ఉపకారం!"

బల్దిరి బోల్టులు బిగించాడు. మీట నొక్కాడు. సగం కూడా దిగకుండా గట్టిగా, రాయిలా ఆగింది.

"రమేయ్, ఆ రోజు గేటు దగ్గర..."

"ఎడమ బోల్టు ఇంకాస్త బిగించు," అందామె. అతను బిగించాక, "దీనికి టేపు చుట్టకు. పగిలితే కనపడాలి."

"రేపు వస్తావా?"

"రాను. ఆ రాయిని చూడలేను." తలుపు మూయబోతూ ఆగింది. "బ్రేకు పడితే దాని కూత ఊరంతా వినిపిస్తుందిగా. వంటింట్లో ఉంటాను."

ఆదివారం వాగులో ఎవరూ లేరు. క్వారీవాళ్ళు రాయి మీద ఎర్ర రంగుతో గుర్తులు పెట్టి వెళ్ళారు. బల్దిరి కింది బండల మీంచి ఒక్కొక్కటిగా గెంతుతూ ఎక్కాడు. ఆఖరి గెంతుకు వెనక చక్రం అంచు మీద పడింది. వేలు బిగించాడు. గరుకు రిమ్ము మీద దిమ్మెలు కీచుమని కూశాయి. చక్రం ఆగింది. రాయి నెత్తిన, గాలిలో ముందు చక్రంతో, అతను నిలబడ్డాడు.

అక్కణ్ణించి కంపెనీ ఇళ్ళ వరస కనిపిస్తుంది. అన్ని కిటికీలూ ఒకేలా ఉంటాయి. రమేయ్‌ది ఏదో అంత దూరం నుంచి పోల్చుకోలేకపోయాడు. దిగడానికి ముందు, అవసరం లేకపోయినా, చక్రాన్ని కొద్దిగా జారనిచ్చి మళ్ళీ బిగించాడు. మళ్ళీ. కూత వాగు దాటి ఊరి వైపు వెళ్ళింది.